తూము దగ్గర మనిషి
(పటాన్‌చెరు దగ్గరి చిట్కుల్‌లో నీరటుల స్మృతికి అంకితంగా చేసిన స్మారకోపన్యాసం పాఠం)



స్మారకోపన్యాసం అంటే వేదిక మీద ఒక పటం, దానికి పూలదండ, కింద పుట్టిన తేదీ, పోయిన తేదీ ఉంటాయి. ఇవాళ ఇక్కడ పటం లేదు. మనం తలుచుకుంటున్నవాళ్లకు ఎవరూ ఫొటో తీయలేదు, వాళ్ల తేదీలు ఎవరూ రాసిపెట్టలేదు. పని పేరే వాళ్ల పేరైపోయింది. నీరటి అన్నారు, కొన్ని ఊళ్లలో నీరడి అన్నారు. మెదక్, నిజామాబాద్ పల్లెల్లో ఆ మాట ఇప్పటికీ ఇంటిపేరుగా బతికి ఉంది. ఒక మనిషి పేరు మీద కాకుండా ఒక పని పేరు మీద ఈ ఉపన్యాసం పెట్టిన మీ ఆలోచనకు, నన్ను పిలిచిన మీ ఆదరానికి చేతులెత్తి మొక్కుతున్నాను.

నీరటి పని ఏమిటో ముందు వరసలో కూర్చున్న పిల్లలకు చెప్పాలి. చెరువు కట్టకు ఎలుక బొక్క పడితే మొదట కనిపెట్టాల్సింది ఆయన. చెరువు నిండి మత్తడి దుంకే రాత్రి లాంతరు పట్టుకుని కట్ట మీద తెల్లవార్లూ తిరిగేది ఆయన. తూము మూత తీయడానికి మెడలోతు నీళ్లలోకి దిగేది ఆయన. ఏ మడికి ఎప్పుడు తడి, ఎవరి మడవ ఎప్పుడు కట్టాలి, ఎవరి వంతు ఏ జాముకు మొదలవుతుంది, ఈ లెక్కంతా ఆయన తలలో ఉండేది. దానికి కూలి, కల్లం దగ్గర రైతులు కొలిచి పెట్టే గింజలు.

చెరువు నిండిన ఏడాది ఎవరైనా నీరటి పని చేయగలరు. సగమే నిండిన ఏడాది వస్తుంది అసలు పరీక్ష. కట్ట కిందనే ఉన్న మొదటి మడి ఎలాగూ ఎండదు. నీరటి ధర్మంగా ఉన్నాడా లేదా అన్నది ఆయకట్టు చివరి మడి చెబుతుంది. నేను ముప్పై ఏళ్లకు పైగా తాగునీటి పనుల్లో ఇంజనీరుగా ఉన్నాను. నీటి పాలన మీద ఎన్నో శిక్షణలకు వెళ్లాను, ఎన్నో నివేదికలు చదివాను. చివరికి నాకు మిగిలిన సూత్రం ఈ ఒక్కటే. నీళ్లు పంచే సంస్థ మంచిచెడ్డలు మొదటి మడి దగ్గర తేలవు, చివరి మడి దగ్గర తేలుతాయి.

ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. ఆ పని చేసినవాళ్లలో చాలామంది దళితులు. ఊరి పొలాలన్నిటికీ నీళ్లు పారించిన మనిషికి ఊరి బావిలో చేద వేసే హక్కు లేని రోజులవి. మా ఊళ్లో నీరటిని మా ఇళ్ల చిన్నపిల్లలు కూడా నువ్వు అనే పిలిచేవారు. నేనూ అలాగే పిలిచాను. కాబట్టి ఆ పాత కాలం తిరిగి రావాలని నేను కోరను. ఆ పనిలో ఉన్న జవాబుదారీ తిరిగి రావాలి, ఆ మనిషికి దక్కని గౌరవం ఇప్పుడైనా దక్కాలి. నా ఉపన్యాసమంతా ఈ రెండు కోరికల చుట్టూనే ఉంటుంది.

చుట్టూ నీళ్లు, నడుమ దాహం

చిట్కుల్ నీళ్లకు దూరమైన ఊరు కాదు. జిల్లాలో మంజీర పారుతుంది. దగ్గర్లో నక్కవాగు ఉంది. ఊరికి చెరువుంది. భూమిలో బోర్లున్నాయి. పటాన్‌చెరు మీదుగా నగరానికి పోయే పెద్ద పైపులున్నాయి. అయినా తెల్లవారితే 20 లీటర్ల డబ్బా బండికి కట్టుకుని ఫిల్టర్ నీళ్లకు పోతున్నాం. సముద్రం నడుమ ఉన్న దీవిలో మనిషికి చుట్టూ నీళ్లే కనిపిస్తాయి, దోసిట పట్టి తాగడానికి మాత్రం లేవు. ఈ పారిశ్రామికవాడ ఊళ్లన్నీ అలాంటి దీవులే.

ఎందుకిలా అయింది అని అడిగితే కాలుష్యం అంటాం. అది నిజమే. ఆ కాలుష్యం వెనక ఇంకో సంగతి ఉంది. ఈ ఊరి నీళ్లను ఎంతమంది పంచుకున్నారో లెక్కపెట్టండి. నల్లా నీళ్లు మిషన్ భగీరథవి. చెరువు కట్ట, తూము నీటిపారుదల శాఖవి. చెరువులో చేప మత్స్యశాఖ లెక్కలో ఉంటుంది. వాగులోకి ఏం వదిలారో చూడాల్సింది కాలుష్య నియంత్రణ మండలి. బోరు లోతు భూగర్భజల శాఖ చూస్తుంది. ఇంటింటికీ పైపు, వీధి వాల్వు నిన్నటిదాకా పంచాయతీవి, పంచాయతీ బోర్డులు దించి మునిసిపాలిటీ బోర్డులు ఎక్కిస్తున్న ఈ కాలంలో రేపు పురపాలికవి. రోగం వస్తే ఆరోగ్యశాఖ. నీళ్లు ఒక్కటే. వాగులో పడ్డ చుక్క చెరువులోకి వస్తుంది, చెరువు నుంచి భూమిలోకి ఇంకుతుంది, భూమిలోంచి బోరులోకి వస్తుంది. ఆ చుక్క ఏడు కార్యాలయాల సరిహద్దులు దాటుతుంది. దాని వెంట నడిచే మనిషి ఒక్కడూ లేడు.

నీరటి ఉన్న రోజుల్లో చెరువుకు ఏం జరిగినా ఊరు ఒక్క గుమ్మం ముందు నిలబడి అడిగేది. ఇవాళ మనం ఎవరి గుమ్మం ముందు నిలబడాలి? నీటి నాయకత్వం, నీటి పాలన అనే పెద్ద మాటలకు నాకు తెలిసిన అర్థం ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలగడమే.

నగరం నేర్చుకున్న పాఠం

మనకు ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్న హైదరాబాదు ఈ ప్రశ్నను ముందే ఎదుర్కొంది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచెత్తింది. ఆ మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సూచనల ఫలితంగా మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద హిమాయత్‌సాగర్ వచ్చాయి. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టిన ఆ కట్టలే నగరానికి తాగునీళ్లయ్యాయి. వరద, దాహం రెండూ ఒకే నది సంగతులని, రెండింటినీ కలిపి ఆలోచించాలని ఆ తరం ఇంజనీర్లు గుర్తించారు. అది నాయకత్వం.

జనం పెరిగారు, ఆ రెండు చెరువులు చాలలేదు. అప్పుడు నగరం కన్ను మన మంజీర మీద పడింది. మహారాష్ట్రలో బాలాఘాట్ కొండల్లో పుట్టి, కర్ణాటక దాటి, మన జిల్లా మీదుగా పారి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలిసే నది అది. 1965లో మంజీర మొదటి దశ, 1981లో రెండో దశ మొదలయ్యాయి. 1989 నాటికి దాదాపు 30 టీఎంసీల సింగూరు జలాశయం సిద్ధమైంది. 1991లో, 1993లో సింగూరు నుంచి మరో రెండు దశలు. మంజీర నుంచి రోజుకు 45 మిలియన్ గ్యాలన్లు, సింగూరు నుంచి 75. రెండూ కలిపితే 54 కోట్ల లీటర్లకు పైమాట. దిగువన ఘనపురం ఆయకట్టు రైతులు, నిజాంసాగర్ రైతులు తమ వంతు తగ్గిందని ఏళ్ల తరబడి మొరపెట్టుకున్నారు. పైపులు పోయే దారిలోని పల్లెలు వాటిని చూస్తూ బావుల మీద, బోర్ల మీద బతికాయి. నగరవాసి దాహం తప్పు కాదు. పంపకం జరిగిన చోట చివరి మడివాడికి కుర్చీ లేకపోవడం తప్పు.

ఆ నగరమే పాలన విషయంలో మనకు పనికొచ్చే పని ఒకటి చేసింది. 1989 చట్టంతో ఆ ఏడాది నవంబరు 1న హైదరాబాదు మహానగర నీటి సరఫరా, మురుగునీటి పారుదల మండలి ఏర్పడింది. మనమంతా జలమండలి అంటున్నది దాన్నే. తాగునీరు, మురుగునీరు రెండింటికీ ఒకే సంస్థ. అధ్యక్షులు ముఖ్యమంత్రి, రోజువారీ పాలన మేనేజింగ్ డైరెక్టరుది. తొంభైల చివరిదాకా అక్కడ కూడా ఫిర్యాదు చేయాలంటే సెక్షన్ ఆఫీసు చుట్టూ తిరగడమే. ఆ తర్వాత 155313 అనే ఒకే నంబరు వచ్చింది. ఫోన్ చేస్తే ఫిర్యాదుకు అంకె ఇచ్చారు. ఏ పని ఎన్ని రోజుల్లో చేయాలో పౌరసేవా పత్రంలో అచ్చువేశారు. ఎవరి దగ్గర ఆలస్యమైందో పై అధికారికి కంప్యూటరు తెర మీద కనపడింది. పరిశోధకులు ఆ మార్పు గురించి రాశారు.

ఆ మార్పులో కొత్త పైపు లేదు, కొత్త జలాశయం లేదు. లైన్‌మన్ పాతవాడే, వాల్వు పాతదే. మారిందల్లా ఒకటే. ప్రతి ఫిర్యాదు వెనక ఒక మనిషి పేరు నిలబడింది. జనం అడిగే మాట, పైవాళ్లు అడిగే మాట ఒకే రోజున ఒకే మనిషి చెవిన పడ్డాయి. నీరటి గుమ్మాన్ని ఫోను నంబరుగా మార్చారు, అంతే. అది చాలా పెద్ద పని.

అయితే జవాబుదారీ ఒకసారి వచ్చి స్థిరంగా ఉండిపోయే వస్తువు కాదు. 2009 మే నెలలో అదే నగరంలో భోలక్‌పూర్ బస్తీలో కలుషితమైన తాగునీటికి మనుషులు చనిపోయారు. ఇరుకు సందులు, పాత పైపులు, పక్కపక్కనే పారే మంచినీరు, మురుగు, ముందే నీళ్లు వాసన వస్తున్నాయని చెప్పిన జనం. నగరానికి భోలక్‌పూర్ చివరి మడి. అక్కడ నీళ్లు చెడ్డ రోజున, బంజారాహిల్స్‌లో నీళ్లు ఎంత తేటగా ఉన్నా ఆ సంస్థ ఆ రోజుకు ఓడిపోయినట్టే.

పది కిలోమీటర్ల నీడ

ఇప్పుడు మన వాగు దగ్గరికి వద్దాం. డెబ్బైల నుంచి పటాన్‌చెరు, బొల్లారం, కాజిపల్లి, పాశమైలారం పారిశ్రామికవాడలు ఒకటొకటిగా వెలిశాయి. ఉద్యోగాలు వచ్చాయి. ఈ సభలో సగం ఇళ్లు ఆ జీతాల మీదే నిలబడ్డాయి, నేనది మరచిపోను. ఆ ఫ్యాక్టరీల వెనక మాత్రం నక్కవాగు రంగు మారింది. బావి నీళ్లు నురగ కట్టాయి, వరి మడి ఎండింది, బర్రె ఈసుకుపోయింది. పటాన్‌చెరులో వైద్యం చేస్తూ, తన దగ్గరికి వచ్చే రోగుల ఒంటి మీద ఆ వాగు చరిత్ర చదివిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు దశాబ్దాల పాటు దాని మీద పోరాడారు. 1990లో సుప్రీంకోర్టులో రిట్ పిటిషన్ పడింది. అది హైకోర్టుకు, ఆ తర్వాత హరిత ట్రిబ్యునల్‌కు చేరింది. బాధిత గ్రామాలకు తాగునీళ్లు ఇవ్వండి అని దేశపు అత్యున్నత న్యాయస్థానం చెప్పాల్సి వచ్చింది. ఊరికి మంచినీళ్లివ్వమని ఢిల్లీ నుంచి ఆజ్ఞ రావాల్సి వచ్చిందంటే, ఢిల్లీకీ ఈ ఊరికీ మధ్య ఉన్న కుర్చీలన్నీ ఆ రోజు ఖాళీగా ఉన్నట్టే.

1994లో పటాన్‌చెరులో ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నడక మొదలుపెట్టింది. దాదాపు 90 మందుల కంపెనీల నీళ్లు దానికి వచ్చేవి. స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం అక్కడ శుద్ధి అయి బయటికి వచ్చిన నీళ్లను పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు దొరికింది. జ్వరం వచ్చి ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా ఎక్కువ అది. సూక్ష్మక్రిములు అలాంటి నీళ్లలో పెరిగితే మందుకు లొంగకుండా తయారవుతాయి. అందుకే ఆ వార్త ప్రపంచమంతా తిరిగింది. ఇక్కడ నేను అడిగేది వేరే ప్రశ్న. ఇక్కడి నీళ్లలో ఏముందో చెప్పడానికి స్వీడన్ నుంచి మనిషి ఎందుకు రావాల్సి వచ్చింది? ఆ పరీక్ష చేసి, ఆ ఫలితాన్ని మన భాషలో మన రచ్చబండ మీద చదివి వినిపించాల్సిన మనిషి ఎవరు?

అదే కాలంలో నగరం తన చెరువులను ఎలా కాపాడుకుందో చూడండి. 1996 మార్చి 8న 111 నంబరు జీవో వచ్చింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ పది కిలోమీటర్ల దాకా, 84 గ్రామాల పరిధిలో కాలుష్య పరిశ్రమలు, భారీ కట్టడాలు వద్దన్నారు. ఆ తర్వాత ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు కేసులో సుప్రీంకోర్టు కూడా ఆ చెరువుల పక్షాన నిలబడింది. 2022లో ఆ ఆంక్షలను సడలించే ఉత్తర్వు వచ్చింది, అది వేరే చర్చ. పాతికేళ్లు మాత్రం ఆ రెండు చెరువులకు చట్టం నీడ ఉంది. చిట్కుల్ చెరువుకు పది కిలోమీటర్ల నీడ అక్కర్లేదు, పది అడుగుల నీడ ఎవరైనా పట్టారా? నగరం తాగే చెరువుకు చట్టం, ఊరు తాగే చెరువుకు విన్నపం. చెరువు చెరువే, దాహం దాహమే. చట్టం ముందు రెండూ సమానమని చెప్పగలిగే పాలన కావాలి.

2015-16 కరువులో సింగూరు, మంజీర ఎండిపోయాయి. సరిగ్గా అప్పుడే కృష్ణా మూడో దశ, ఎల్లంపల్లి నుంచి గోదావరి మొదటి దశ అందివచ్చి నగరం గట్టెక్కింది. నది ఒడ్డున ఉన్న సంగారెడ్డి మాత్రం ట్యాంకర్ల కోసం ఎదురుచూసింది. నగరానికి నాలుగు నదుల దారులు తెరిచి పెట్టాం, ఒడ్డున ఉన్న ఊరికి ఒక్కటే దారి మిగిల్చాం. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గరి కోమటిబండలో మిషన్ భగీరథ మొదలయ్యాక పల్లెలో మనిషికి రోజుకు 100 లీటర్ల లెక్క పెట్టారు. పైపు ఇంటిదాకా వచ్చింది. అది ఒక తరం కల, దాన్ని నేను తక్కువ చేయను. పైపు వచ్చాక మొదలవుతుంది పాలన. ఎన్ని రోజులకోసారి వస్తున్నాయి, ఎన్ని గంటలకు వస్తున్నాయి, ఎలాంటి నీళ్లు వస్తున్నాయి, అద్దెగదుల్లో ఉండే ఒడిశా, బిహార్ కుటుంబాలకు వస్తున్నాయా లేదా, రాని రోజు ఎవరు జవాబు చెబుతారు? ఈ ప్రశ్నలు పైపులో ప్రవహించవు. వాటికి మనిషి కావాలి.

నా తప్పు

మీ ముందు నిలబడి ఇంతమందిని అడుగుతున్నాను కాబట్టి నా సంగతి కూడా చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పల్లె బోరు నీళ్లు పరీక్షకు పంపాను. ఏ పల్లెనో, ఏ కార్యాలయమో ఇక్కడ అనవసరం. ఫలితం వచ్చింది, తాగడానికి పనికిరావని. ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టి పైకి పంపాను. పైనుంచి ఆదేశం వస్తే బోరు మూయించాలి, రాకపోతే మూయించడానికి నాకు అధికారం లేదు. మూడు నెలలు గడిచాయి. ఈలోగా రెండుసార్లు ఆ ఊరికి పోయాను. రెండుసార్లూ ఆ బోరు ముందు బిందెలతో ఆడవాళ్లు వరసలో ఉన్నారు. ఒకామె, "సార్, గీ నీళ్లు మంచిగనే ఉన్నయా?" అని అడిగింది. "రిపోర్టు రావాలమ్మా" అన్నాను. రిపోర్టు నా సంచిలోనే ఉంది.

బోరు మూయించే అధికారం నాకు లేదన్నది నిజం. నోరు తెరిచి చెప్పకుండా ఆపింది మాత్రం ఏ నియమమూ కాదు, నా భయం. నీరటికి ఉన్న ధైర్యం నాకు లేకపోయింది. ఆయన రోజూ ఆ రైతు ముఖం చూడాలి, ఆ కల్లంలోనే గింజలు తెచ్చుకోవాలి, కాబట్టి అబద్ధం చెప్పి బతకలేడు. నేను బదిలీ అయిపోయాను. నీటి సంస్థల్లో నాయకత్వం గురించి ఎన్ని పాఠాలు చెప్పినా అవన్నీ ఆ ఆడమనిషి ప్రశ్న దగ్గర ఆగిపోతాయి. ఆమెకు వెంటనే నిజం చెప్పగలిగేలా సంస్థను కట్టడమే పాలన. చెప్పే మనిషికి భయం లేకుండా చేయడమే నాయకత్వం.

ఒక దీవి, ఒక యుద్ధభూమి

మనలాంటి కష్టం నుంచి బయటపడ్డవాళ్లు లోకంలో ఉన్నారు. సింగపూర్ చిన్న దీవి. మొత్తం విస్తీర్ణం 700 చదరపు కిలోమీటర్లు దాటుతుంది, అంతే. అక్కడ నది అంటూ చెప్పుకోదగ్గది లేదు. 1963లో అక్కడ ప్రభుత్వ నీటి సంస్థ ఏర్పడింది. పొరుగున ఉన్న మలేషియా నుంచి 1962 ఒప్పందం కింద నీళ్లు కొంటారు, ఆ ఒప్పందం 2061 దాకా ఉంది. పరాయి నీటి మీద బతికే దీవి తన నీటిని ఎలా చూసుకుంది? 1977 నుంచి పదేళ్లు కష్టపడి మురికి కాలువగా మారిన సింగపూర్ నదిని శుభ్రం చేశారు. 2001లో తాగునీరు, వాననీరు, మురుగునీరు మూడింటినీ ఒకే సంస్థ కిందికి తెచ్చారు. 2003 నుంచి మురుగునీటినే అత్యంత శుద్ధి చేసి మళ్లీ వాడుకుంటున్నారు. అక్కడ డబ్బుంది, మనకు లేదని అనవచ్చు. డబ్బు తర్వాతి మాట. నీటి చుక్క పడ్డ చోటు నుంచి తిరిగి సముద్రంలో కలిసేదాకా దాని వెంట ఒకే సంస్థ నడవాలని వాళ్లు తీర్మానించుకున్నారు. ఏడు కార్యాలయాల మధ్య నిలబడ్డ చిట్కుల్ నేర్చుకోవాల్సింది అది.

డబ్బు లేని ఊరు కావాలంటే కంబోడియా రాజధాని ఫ్నామ్‌పెన్ చూడండి. యుద్ధాలతో చితికిపోయిన నగరం. 1993లో ఏక్ సోన్ చాన్ అనే ఇంజనీరు నీటి సంస్థ పగ్గాలు పట్టేనాటికి పైపుల్లో వదిలిన నీళ్లలో 72 శాతం లెక్కకు అందకుండా పోయేవి. కొంత కారిపోయేది, కొంత పెద్దవాళ్లు దొంగతనంగా వాడుకునేవారు. ఒక సైనికాధికారి ఇంట్లో మీటరు పెట్టడానికి వెళితే తుపాకి తలకు ఆనించారు. ఆయన వెనక్కి వచ్చి, బలగం వెంటపెట్టుకుని మళ్లీ వెళ్లి మీటరు పెట్టి వచ్చాడు. పదిహేనేళ్లలో ఆ వృథా ఆరు శాతం దగ్గరికి దిగింది. 24 గంటలూ నీళ్లు వచ్చాయి. పేదల వాడలకు రాయితీ మీద కనెక్షన్లు ఇచ్చారు. 2006లో ఆయనకు మెగసెసె పురస్కారం ఇచ్చారు. మొదటి మడి బలవంతుడిదైనా వాడి మడవ కట్టగలిగిన నీరటి ఆయన. పైగా ఆయన్ను రెండేళ్లకోసారి బదిలీ చేయలేదు. పని నేర్చుకుని, పని చూపించి, ఆ పనికి జవాబు చెప్పేంత కాలం ఆ కుర్చీలో ఉంచారు.

ఏం చేయాలి

మన రాజ్యాంగం 73వ సవరణతో పదకొండో షెడ్యూల్లో తాగునీటిని పంచాయతీకి అప్పగించింది. 74వ సవరణతో పన్నెండో షెడ్యూల్లో నీటి సరఫరాను పురపాలికకు ఇచ్చింది. కలుషితం కాని నీళ్లు బతికే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. హక్కు ఉంది, చట్టం ఉంది. వాటిని మోసే మనిషిని నిలబెట్టుకోవడం మన చేతిలో ఉంది. నాకు తోచిన నాలుగు మాటలు చెబుతాను.

మొదటిది, ఊరి నీళ్లకు పేరున్న జవాబుదారి ఉండాలి. ఆయన పేరు, ఫోన్ నంబరు నీళ్ల ట్యాంకు మీద రాసి ఉండాలి. శాఖలు ఎన్నైనా ఉండనీయండి. ఊరు అడిగేది ఒక్కరిని, ఆ ఒక్కరు మిగతావాళ్లను అడగాలి. ఆ మనిషిని కనీసం మూడేళ్లు కదపకూడదు.

రెండోది, నల్లా నీళ్లు, బోరు నీళ్లు, చెరువు నీళ్లు నెలకోసారి పరీక్షించి ఫలితాన్ని గోడ మీద రాయాలి. అంకెలతో పాటు 'తాగవచ్చు', 'తాగకూడదు' అని పెద్ద అక్షరాలతో తెలుగులో, పక్కన హిందీలో రాయాలి. చెడ్డ ఫలితాన్ని దాచినవాడికి శిక్ష ఉండాలి, చెప్పినవాడికి రక్షణ ఉండాలి.

మూడోది, నీటి సంఘంలో చివరి మడి కూర్చోవాలి. ట్యాంకుకు దూరంగా ఉన్న వీధి నుంచి ఒకరు, దళితవాడ నుంచి ఒకరు, అద్దెగదుల కార్మికుల నుంచి ఒకరు, చెరువు మీద బతికే మత్స్యకారుల నుంచి ఒకరు. అందులో సగం మంది ఆడవాళ్లు. బిందె మోసే చేయి సంతకం చేసే చేయి కూడా కావాలి. నక్కవాగు పొడవునా ఉన్న ఊళ్ల సంఘాలు మూడు నెలలకోసారి ఒకచోట కలవాలి, ఆ సమావేశానికి అన్ని శాఖలూ రావాలి. వాగుకు ఊరి సరిహద్దు లేదు, మన మాటకూ ఉండకూడదు.

నాలుగోది నాకు అన్నిటికన్నా దగ్గరి మాట. ఇవాళ నీరటి ఎవరు? పొద్దున నాలుగింటికి లేచి వీధివీధికీ సైకిలు మీద తిరుగుతూ వాల్వు తిప్పే మనిషి. కాగితం మీద ఆయన మల్టీపర్పస్ వర్కర్. పొద్దున నీళ్లు, ఆ తర్వాత చెత్త బండి, మధ్యాహ్నం మొక్కలకు పాదులు, సాయంత్రం మోటరు. జీతం నెలల తరబడి ఆలస్యమైన రోజులున్నాయి. కోట్లు పెట్టి కట్టిన పథకం చివరికి ఆ మనిషి మణికట్టు మీద ఆధారపడి ఉంది. ఆయనకు నెల మొదటి వారంలో జీతం, చేతికి తొడుగు, క్లోరిన్ కొలవడానికి శిక్షణ, సంఘంలో ఒక కుర్చీ ఇవ్వండి. పాత నీరటికి మనం పడ్డ బాకీ అలా కొంత తీరుతుంది. మన పిల్లలు ఆయన్ను నువ్వు అనకుండా మీరు అనడం నేర్చుకుంటే ఇంకొంత తీరుతుంది.

పెద్దలారా, ఈ సభ అయ్యాక పూలదండ వేయడానికి పటం లేదని ముందే చెప్పాను. ఆ దండ పట్టుకుని అందరం కలిసి నీళ్ల ట్యాంకు దగ్గరికి నడుద్దాం. రోజూ పొద్దున వాల్వు తిప్పే మనిషి మెడలో అది వేద్దాం. తర్వాత ఆ ట్యాంకు గోడ మీద ఖాళీ జాగా ఒకటి సున్నం కొట్టి ఉంచుదాం. ఈ ఊరి నీళ్లకు జవాబు చెప్పే మనిషి పేరు అక్కడ రాసేదాకా వారం వారం పోయి అడుగుదాం. చివరి మడి తడిసేదాకా అడుగుతూనే ఉండండి.